అమాయకపు సాహసికుణ్ణి ఎదిగించేదెలా? నల్గొండ నేల మీద ఒక కథ కట్టుకుంటూ సమగ్ర మార్గదర్శి

సాహస కథలు రాయాలనుకునే కొత్తవాళ్లు చాలామంది కథానాయకుణ్ణి అమాయకుడిగానే మొదలుపెడతారు. ఊరు దాటి ఎరగడు, ఎవరేం చెప్పినా నమ్ముతాడు, మనసులో కల్మషం లేదు. మూడో అధ్యాయంలో ఎవడో ఒకడు మోసం చేస్తాడు. నాలుగో అధ్యాయానికల్లా మనవాడి చూపు మారిపోతుంది, మాట కరుకవుతుంది, చేతిలోకి కత్తి వస్తుంది. అక్కడితో అమాయకత్వం పని అయిపోయింది. ఆ తర్వాత వాడి పేరు తీసి ఇంకో పేరు పెట్టినా కథకేం తేడా పడదు.

అమాయకత్వాన్ని ఒక లోటుగా చూడటం వల్ల వచ్చే తిప్పలు ఇవి. లోటైతే పూడ్చేయాలి కదా, అందుకే తొందరగా పూడ్చేస్తాం. నేను చూసే తీరు వేరు. ఒక చోట నిజమైన సూత్రాన్ని, అది చెల్లని చోటికి మోసుకెళ్లినవాడు అమాయకుడు. పుట్టిన ఊళ్లో ఆ సూత్రం రోజూ రుజువైంది కాబట్టే నమ్మాడు. వాడు ఎదగడమంటే ఆ సూత్రం ఎక్కడిదాకా చెల్లుతుందో, ఏం తోడైతే చెల్లుతుందో తెలుసుకోవడం. ఇలా పట్టుకుంటే అమాయకత్వం మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా కథను నడుపుతుంది.

ఊరికే చెబితే గాల్లో ఉంటుంది కాబట్టి ఈ వ్యాసం పొడుగునా ఒక కుర్రాణ్ణి తయారుచేద్దాం. పేరు సైదులు, వయసు పదిహేడు. జాన్‌పహాడ్ చుట్టుపక్కల ఒక పల్లె వాడిది. అక్కడి దర్గాకు హిందువులు, ముస్లింలు కలిసి మొక్కుతారు. మొక్కు తీరి పుట్టిన పిల్లలకు సైదులు, సైదమ్మ అని పేర్లు పెట్టుకోవడం ఆ ప్రాంతమంతా ఉంది. ఆ పేరు వినగానే నల్గొండ, సూర్యాపేట వాళ్లకు ఒక మనిషి కళ్ల ముందుకొస్తాడు.

మొదటి మెట్టు: అమాయకత్వాన్ని దాని పక్కవాటి నుంచి విడదీయండి

తెలివితక్కువతనం, పిరికితనం, గొప్పలు చెప్పుకోవడం, అమాయకత్వం. ఈ నాలుగూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. విడదీసి చూడటానికి మన పురాణ కథల్లోని ముగ్గురు యువకులు చాలు.

ఉత్తరకుమారుడు అంతఃపురంలో ఆడవాళ్ల ముందు కౌరవ సేనను ఒక్కడినే గెలుస్తానన్నాడు. సేన కంటబడగానే రథం దిగి పరుగెత్తాడు. లోపలి భయాన్ని మాటలతో కప్పుకున్నవాడు అతను. అతన్ని అమాయకుడు అనుకుంటే పొరపాటే.

ఋష్యశృంగుడు తండ్రి విభాండకుణ్ణి తప్ప ఇంకో మనిషిని చూడకుండా అడవిలో పెరిగాడు. రాజు పంపిన వేశ్య ఆశ్రమానికి వస్తే ఆమెను కూడా ఒక మునికుమారుడే అనుకున్నాడు. తండ్రి తిరిగొచ్చాక ఆ 'ముని' జుట్టు, నగలు, తనకు పెట్టిన తీపి 'పండ్లు' అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. అతని కళ్లు సరిగ్గానే పనిచేశాయి. చూసినదాన్ని పోల్చుకోవడానికి మాత్రం అతని దగ్గర ఆశ్రమం ఒక్కటే ఉంది. అసలైన అమాయకత్వం ఇదీ.

మూడోవాడు బోయ తిన్నడు. తనకు రుచిగా ఉన్న మాంసమే శివుడికి పెట్టాడు, పుక్కిట పట్టి తెచ్చిన నీళ్లతోనే అభిషేకం చేశాడు. ఆఖరికి కన్ను తీసి పెట్టినప్పుడు కూడా అతని సూత్రం అదే: నా దగ్గరున్నదాంట్లో మంచిది దేవుడికి. కథ మొదట్లో నవ్వు తెప్పించిన ఆ సూత్రమే చివర్లో ఒళ్లు జలదరింపజేస్తుంది. సూత్రం మారలేదు, దాని ఖరీదు పెరిగింది. సాహస కథ రాసేవాళ్లు తిన్నణ్ణి మళ్లీ మళ్లీ చదువుకోవాలని నా గట్టి నమ్మకం.

మీ నాయకుడు నిజంగా అమాయకుడేనా అని తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. మోసం జరిగే సన్నివేశంలో అతను ఏమేం చూశాడో కాగితం మీద రాయండి. ఏమీ చూడకపోతే అతను మొద్దు. అన్నీ చూసి, తన సూత్రం ప్రకారం అర్థం చేసుకుంటే అమాయకుడు. ఉదాహరణకు ఒకడు దేవరకొండ నుంచి నడిచొస్తున్నా అంటాడు. వాడి చెప్పులకు దుమ్ము లేదు. సైదులు ఆ సంగతి గమనిస్తాడు, గమనించి, 'పాపం, నలుగుర్లోకి వస్తున్నా అని కాళ్లు, చెప్పులు కడుక్కున్నట్టుండు' అనుకుంటాడు. ఈ ఒక్క వాక్యంతో పాఠకుడికి మోసం తెలిసిపోతుంది, సైదులు మీద ప్రేమా పుడుతుంది.

రెండో మెట్టు: సూత్రాన్ని ఒక్క వాక్యంలో రాసి, అది నిజమైన ఊరిని కట్టండి

సైదులు సూత్రం ఇది: వరుస పెట్టి పిలిచినవాడు మోసం చేయడు.

మన పల్లెల్లో ఇది ఉత్త మాట కాదు. కులం వేరైనా, ఇల్లు వేరైనా ఊళ్లో ప్రతి మనిషికీ ఒక వరుస ఉంటుంది. మామ, అల్లుడు, కాక, పెద్దనాయిన, చిన్నమ్మ. ఆ వరుసకు తగ్గ బరువు కూడా ఉంటుంది. సైదులు గొర్రెలు ఒకసారి పక్కవాళ్ల జొన్న చేలో పడ్డాయనుకోండి. చేను గలాయన కర్ర పట్టుకుని వచ్చి, 'ఏం అల్లుడా, నిద్రపోతున్నవా?' అని గొర్రెల్ని తోలిపెట్టి పోతాడు. పంచాయితీ దాకా పోదు. సైదులుకు జ్వరమొస్తే ఆ మామే ఎద్దులబండి కట్టి మిర్యాలగూడకు తీసుకుపోతాడు. పదిహేడేళ్లుగా ఇదే చూసినవాడు ఆ సూత్రాన్ని నమ్మకపోతేనే వింత.

ఈ ఊరి సన్నివేశాలకు తగినంత చోటివ్వండి. ఇక్కడ చాలామంది తొందరపడతారు, 'అసలు కథ' ఊరు దాటాక మొదలవుతుందనుకుని. ఊళ్లో సూత్రం పనిచేయడం పాఠకుడు కళ్లారా చూడకపోతే, బయట అది విరిగినప్పుడు అతనికేమీ నొప్పి పుట్టదు.

ఇంకొకటి. అమాయకుడికి ఏదో ఒక పనిలో గట్టి నేర్పు ఉండాలి. సైదులు గొర్రెలు కాసేవాడు. రెండు మందలు కలిసిపోతే తన గొర్రెల్ని అరుపును బట్టే విడదీస్తాడు. మందలోకి కొత్త పొట్టేలు చేరితే మిగతావి మేత మేసే తీరు ఎలా మారుతుందో వాడికి తెలుసు. పశువును చదవగలడు, మనిషిని ఇంకా చదవలేడు. ఈ నేర్పును మొదట్లోనే నాటి పెట్టండి. తర్వాత వాడు మనుషుల్ని చదవడం నేర్చుకునేది దీంతోనే. ఎక్కడినుంచో గురువు దిగొచ్చి నేర్పితే ఆ ఎదుగుదల వాడిది కాదు, గురువుది.

మూడో మెట్టు: సూత్రం విరిగే నేలను, కాలాన్ని ఎంచుకోండి

ఏ చోటైనా పనికిరాదు. మీ నాయకుడి సూత్రాన్నే గురిచూసి కొట్టే చోటు కావాలి. సైదులు కోసం నేను ఎంచుకున్నది 1958లో నందికొండ, అంటే నాగార్జునసాగర్ ఆనకట్ట కడుతున్న చోటు. వాడి అన్న అక్కడికి కూలికి పోయి కబురు లేకుండా ఉన్నాడు. అన్నను వెతుక్కుంటూ సైదులు హాలియా, పెద్దవూర మీదుగా నడిచి వెళ్తాడు.

ఆ చోటే ఎందుకంటే కారణాలున్నాయి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్ట రాతి కట్టడం. పునాది నుంచి 124 మీటర్ల ఎత్తు. ఎక్కువ భాగం మనుషుల చేతుల మీదే లేచింది. పాలమూరు నుంచి, నల్గొండ నుంచి, నది అవతలి నుంచి వేలమంది వచ్చి ఒక్కచోట పడ్డారు. అందరి నోట్లోనూ పాత వరుసలే, 'మామ', 'తమ్మి', 'అక్క'. ఆ మాటల వెనక ఊరు మాత్రం లేదు. రేపు తెల్లారి ఇంకో గుంపులో కలిసిపోతే అడిగేవాడు లేడు. సైదులు సూత్రానికి ఇంతకంటే కఠినమైన పరీక్ష దొరకదు.

1956 నవంబర్ 1 దాకా కృష్ణకు ఇవతల హైదరాబాద్ రాష్ట్రం, అవతల ఆంధ్ర రాష్ట్రం. కలిసి రెండేళ్లు కూడా కాలేదు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి, జనం ఇంకా అణాల్లోనే లెక్కపెడుతున్నారు. నిజాం సిక్కా అప్పటికింకా పెద్దల నోళ్లలో ఉంది. పక్కనే నాగార్జునకొండ లోయలో పురావస్తు శాఖ 1954 నుంచి తవ్వకాలు జరుపుతోంది, నీళ్లలో మునిగేలోపు విహారాలను, శిల్పాలను కాపాడటానికి. అక్కడ నేలలోంచి పాతవి బయటపడుతున్నాయని విన్న పల్లెవాళ్లకు లంకెబిందెలు గుర్తురావడం సహజం. ఇప్పటికీ మన వైపు పాత గుళ్ల దగ్గర, కోటల దగ్గర గుప్తనిధుల కోసం తవ్వేవాళ్ల వార్తలు వస్తూనే ఉన్నాయి కదా. డబ్బు, రాష్ట్రం, నేల అన్నీ ఒకేసారి మారుతున్న కాలంలో అమాయకుణ్ణి నిలబెడితే, వాడితో పాటు ఆ చుట్టూ ఉన్నవాళ్లందరూ కొంత అమాయకులే అవుతారు. కథకు అది మంచిది.

మీ సూత్రం వేరైతే నేల కూడా వేరు కావాలి. దేవుడి దారిలో అందరూ మంచివాళ్లే అని నమ్మేవాడికి చైత్ర పౌర్ణమి నాటి సలేశ్వరం జాతర ఉంది. 'వస్తున్నాం లింగమయ్యా' అని అరుచుకుంటూ నల్లమల లోయలోకి దిగే జనం మధ్య తప్పిపోవడం తేలిక. మేస్త్రీ మాటిస్తే చాలనుకునేవాడికి పాలమూరు నుంచి బొంబాయి పోయే వలస దారి ఉంది. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటం ఇంకో పెద్ద నేల, కాకపోతే అది చాలా చదువుకుని గాని ముట్టుకోకూడనిది.

ఒక హెచ్చరిక కూడా. నల్లమలలో కథ పెడితే చెంచులను 'అడవిలోని అమాయకులు'గా చూపించే అలవాటు మానేయండి. ఆ అడవిలో ఏ చెట్టుకు ఏ కాలంలో తేనె పడుతుందో, ఏ దారిలో నీళ్లున్నాయో తెలిసినవాళ్లు వాళ్లే. అక్కడ అడుగుపెట్టిన మీ నాయకుడే అమాయకుడు. ఇది తిరగబడితే కథ అబద్ధమైపోతుంది, ఒక జాతికి అన్యాయమూ జరుగుతుంది.

నాలుగో మెట్టు: మొదటిసారి అమాయకత్వాన్నే గెలిపించండి

ఊరు దాటిన వెంటనే మోసం పెట్టకండి. ముందు వాడి నమ్మకం వాడికి మేలు చేయాలి.

అన్నను అవతలి ఒడ్డున కూడా వెతకడానికి సైదులు కృష్ణ దాటాలి. పుట్టి తప్ప దారి లేదు. వెదురు తడికెతో అల్లి తోలు బిగించిన గుండ్రటి పుట్టి, ఒక పక్కనే తెడ్డు వేస్తే ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. పుట్టి నడిపే నర్సయ్య అంటాడు: 'నడుమ కూసో అల్లుడా. అంచు ముట్టకు. తిరుగుతది, తిరిగితే తిరగనియ్యి.' అల్లుడా అన్నాడు కాబట్టి సైదులు మారుమాట్లాడకుండా నడుమ కూర్చుంటాడు. పక్కనున్న పట్నం మనిషికి అంత నమ్మకం లేదు. పుట్టి తిరగ్గానే లేచి అంచు పట్టుకుంటాడు. పుట్టి ఒరుగుతుంది, వాడి సంచి నీళ్లలో పోతుంది.

ఇక్కడ నమ్మినవాడు ఒడ్డెక్కాడు, అనుమానించినవాడు నష్టపోయాడు. ఇది పాఠకుడి మనసులో నాటుకుంటేనే, తర్వాత నమ్మడమా మానడమా అన్న ప్రశ్నకు బరువు వస్తుంది. నర్సయ్యను గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాడు.

ఐదో మెట్టు: మూడు దెబ్బలు, ఖరీదు పెంచుకుంటూ

కథకు వెన్నెముక ఇదే. అందుకే ఇక్కడ కాస్త నిదానంగా నడుద్దాం.

మొదటి దెబ్బ చిన్నది, దాదాపు కనబడనిది అయి ఉండాలి. సైదులు పని దగ్గరి హోటల్లో నాలుగు అణాల తిండి తిని రూపాయి ఇస్తాడు. పదహారు అణాల్లో నాలుగు పోతే పన్నెండు అణాలు తిరిగి రావాలి. హోటలాయన చిల్లర లెక్కపెడతాడు: 'అణాకు ఆరు నయాపైసలు తమ్మి. పన్నెండు ఆర్లు డెబ్బై రెండు. సూస్కో, నీ ముంగటే లెక్కబెడుతున్న.' సైదులు వేళ్ల మీద లెక్క వేసుకుంటాడు. డెబ్బై రెండు, సరిపోయింది. దండం పెట్టి బయటికొస్తాడు.

రూపాయికి వంద నయాపైసలు. పన్నెండు అణాలంటే డెబ్బై అయిదు. ఒక అణాకు ఆరున్నూ పావు పడుతుంది కాబట్టి సర్కారు లెక్కలో ఒక అణాకు ఆరు, రెండు అణాలకు పన్నెండు, మూడు అణాలకు పంతొమ్మిది, నాలుగు అణాలకు ఇరవై అయిదు. విడివిడిగా లెక్కకడితే మూడు పైసలు హోటలాయన గల్లాపెట్టెలో ఉండిపోతాయి. ఈ సన్నివేశం నాకు ఎందుకు ఇష్టమంటే, సైదులు గుణకారంలో తప్పు లేదు. మందను రోజూ లెక్కపెట్టేవాడికి లెక్క ఎలా తప్పుతుంది? తప్పు మొదటి మాటలో ఉంది, ఆ మాటను తమ్మి అని పిలిచిన మనిషి చెప్పాడు. రెండు అధ్యాయాల తర్వాత రాళ్లు మోసే ఒక అవ్వ నవ్వుతూ ఈ సంగతి చెబుతుంది. పోయింది మూడు పైసలే కాబట్టి సైదులు కూడా నవ్వేస్తాడు. సూత్రం చెక్కుచెదరదు.

రెండో దెబ్బ వాడి ఒంటి మీద పడాలి. ఒక గుంపు మేస్త్రీ 'మీ అన్న నాకు తెల్సు, నా గుంపులనే చేసిండు. పని జెయ్యి, పదిహేను దినాల్ల కలుపుత' అంటాడు. కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటాడు. పదిహేను రోజులు రాళ్లు మోశాక తేలేదేమిటంటే, తిండికి, గుడిసెకు పోను కూలీ మిగల్లేదు, అన్న సంగతి మేస్త్రీకి తెలియనే తెలియదు. ఇక్కడ కొత్త రచయితలు నాయకుడి చేత ప్రతిజ్ఞ చేయిస్తారు. వద్దు. సైదులు సాకు వెతుక్కోవాలి: 'నన్ను ఇంకెవరి తమ్ముడో అనుకుని పొరపాటు పడ్డడేమో.' మనిషి తన సూత్రాన్ని అంత తేలిగ్గా వదులుకోడు. వదులుకోకుండా ఉండటానికి పడే ఆ పాట్లే పాఠకుణ్ణి కట్టిపడేస్తాయి.

మూడో దెబ్బకు ఒకటే నియమం: ఖరీదు వేరేవాళ్లు కట్టాలి.

దుమ్ము లేని చెప్పుల మనిషి గుర్తున్నాడు కదా. వాడు సైదులు తల్లి పుట్టిల్లు ఏ ఊరో ముందే ఎవరినో అడిగి తెలుసుకుని వస్తాడు. 'మీ అమ్మ పుట్టిల్లు మా పక్క ఊరే. అట్ల జూస్తే నువ్వు నాకు అల్లుడివి.' లోయలో లంకెబిందెలున్నాయి, నీళ్లు రాకముందే తీయాలి, పూజకు, కావలివాళ్లకు ఖర్చవుతుంది, పెట్టినవాళ్లకు వాటా అంటాడు. సైదులు దగ్గర పైసా లేదు. అందుకే వాడికి సైదులు డబ్బు అక్కర్లేదు, సైదులు మాట కావాలి. పుట్టి నర్సయ్య కూతురి పెళ్లికి కూడబెట్టుకున్న సొమ్ము సైదులు జమానతు (పూచీ) మీద ఆ మనిషి చేతిలోకి పోతుంది. 'నా మామనే, నేనున్న' అంటాడు సైదులు. తెల్లారేసరికి ఆ మనిషి లేడు.

అప్పటిదాకా సైదులు నమ్మకం వాడి సొంత వ్యవహారం. ఇప్పుడది వాడిని నమ్మినవాళ్ల నెత్తిన పడింది. మొన్న నదిలో వాడి ప్రాణం కాపాడిన మనిషి నెత్తిన. సైదులు కూడా ఒకరికి 'అల్లుడే', వాడూ వరుస నిలబెట్టలేకపోయాడు. మోసం చేసినవాడి మీద కోపం కంటే ఈ సిగ్గు వందరెట్లు బలమైనది, కథను ముందుకు తోసేది కూడా ఇదే. ఈ అధ్యాయంలో ఏడుపులు, అరుపులు తగ్గించండి. నర్సయ్య తిట్టకపోతే ఇంకా బాగుంటుంది. మర్నాడు కూడా పుట్టి ఎక్కించుకుని, ఈసారి అల్లుడా అనకుండా 'కూసో' అంటే చాలు.

ఆరో మెట్టు: అనుమానం కూడా ఓడిపోవాలి

ఇక్కడే ఎక్కువ కథలు దారి తప్పుతాయి. మోసపోయినవాడు ఎవర్నీ నమ్మని మొండివాడవుతాడు, రచయిత దాన్నే ఎదుగుదల అనుకుని చప్పట్లు కొడతాడు. అసలు జరిగిందేమిటి? 'వరుస పెట్టినవాడు మోసం చేయడు' అన్నవాడు 'వరుస పెట్టినవాడు మోసం చేస్తాడు' అంటున్నాడు. రెండూ ఒకే రకం సూత్రాలు. చూసే కళ్లు ఏమీ మారలేదు.

కాబట్టి ఈ కొత్త సూత్రాన్ని కూడా ఓడించండి. ఒక పాలమూరు కూలీ 'తమ్మి, మీ అన్న కాలిరిగి దవాఖానల ఉండు, జల్ది పో' అని చెబుతాడు. సైదులు నమ్మడు, వాడి వైపు చూడను కూడా చూడడు. నాలుగు రోజుల తర్వాత అనుమానం తీరక పోయి చూస్తే అన్న నిజంగానే అక్కడ ఉండి, నిన్ననే ఎవరి బండిలోనో వెళ్లిపోయాడని తెలుస్తుంది. ఒక్క అధ్యాయం చాలు. పొడిగిస్తే పాఠకుడికి నాయకుడి మీద విసుగొస్తుంది.

ఏడో మెట్టు: పాత సూత్రానికి కొత్త ఆధారం దొరకాలి

అన్నను వెతుకుతూ సైదులు నల్లమల అంచుకు చేరతాడు. అక్కడ చెంచులు కొండచరియ మీది తేనెపట్టు తీస్తుంటారు. పైన కట్టిన తాడు పట్టుకుని ఒకడు చరియ మీదుగా దిగుతాడు, కింద లోయ. ఆ తాడు దగ్గర కాపలాగా బావమరిదినే నిలబెడతారని చెంచుల తేనె వేట గురించి చెప్పుకుంటారు. తాడు తెగితే ముండమోసేది అతని సొంత అక్కో చెల్లెలో కాబట్టి.

సైదులు అడుగుతాడు, 'ఆయన నీకేమైతడు?' తాడు దగ్గరున్నవాడు 'బావ' అంటాడు. అదే వరుస, నందికొండలో వందసార్లు విన్న మాటే. ఇక్కడ మాత్రం మాటకు తాడు కట్టి ఉంది. కింద వాడు పడితే పైనున్నవాడి ఇంట్లోనూ చీకటే.

సైదులు కొత్త సూత్రం ఇక్కడ పుడుతుంది: వరుస పెట్టినవాడికి, నేను పడితే ఏం పోతుంది? చేను గలాయనకు పోయేది ఉంది, ఒకే ఊళ్లో మొహం చూసుకుని బతకాలి. నర్సయ్యకు ఉంది, తనూ అదే పుట్టిలో ఉన్నాడు. హోటలాయనకు, మేస్త్రీకి, చెప్పుల మనిషికి ఏమీ పోదు. పాత సూత్రం చచ్చిపోలేదు, అది ఊళ్లో ఎందుకు పనిచేసిందో ఇప్పుడు తెలిసింది. ఈ మాటలన్నీ మీరు కథలో రాయకూడదు సుమా. నేను మీకు చెబుతున్నాను గాని, సైదులు చెప్పకూడదు. వాడు తాడు వంక చూడాలి, అది కట్టిన చెట్టు మొదలు చూడాలి, పట్టుకున్నవాడి అరచేతులు చూడాలి. గొర్రెల్ని చూసినట్టు మనుషుల్ని చూడటం మొదలుపెట్టాలి, అంతే.

ఆ చూపుతోనే చెప్పుల మనిషిని పట్టించండి. ఇంకో ఊరి అంగడిలో, ఇంకో కుర్రాడి పక్కన వాడు కూర్చుని ఉంటాడు. చుట్టూ ఉన్న బేరగాళ్లు కాస్త ఎడంగా జరిగి నిలబడటం సైదులు గమనిస్తాడు, కొత్త పొట్టేలు చేరిన మందలాగా. కత్తి అక్కర్లేదు. అక్కడున్నవాళ్లను ఒక్కొక్కర్నీ 'ఈయన మీకేమైతడు?' అని అడిగితే చాలు. ఎవరికీ ఏమీ కాడు.

సొమ్మంతా దొరకనివ్వకండి. తక్కువ పడినదానికి సైదులు ఒక పంట కాలమంతా నర్సయ్య దగ్గర తెడ్డు వేయాలి. జమానతు ఉన్నది తనే కాబట్టి. మొదట్లో ఎవరో పిలిస్తే పొంగిపోయిన అల్లుడు, ఇప్పుడు ఆ వరుస బరువు తనే మోస్తున్నాడు.

ఎనిమిదో మెట్టు: మాట తీరు

అమాయకుడి నోట ముద్దుముద్దు మాటలు పెట్టకండి. దానికంటే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది: అమాయకుడికి తెలంగాణ యాస, తెలివైనవాడికి పుస్తకాల తెలుగు. ఏళ్ల తరబడి మన తెరల మీదా పేజీల మీదా ఇదే నడిచింది, నాకు ఇది నిజంగా బాధ కలిగించే విషయం. యాస ఊరిని చెబుతుంది, తెలివిని చెప్పదు. నందికొండలో సైదులును మోసం చేసేవాడు సైదులు కంటే చక్కటి నల్గొండ యాస మాట్లాడాలి. అందుకే కదా వాడు నమ్మించగలిగాడు.

కథనం దూరం కూడా చూసుకోండి. పాఠకుడికి మోసం సైదులు కంటే అరపేజీ ముందు తెలియాలి. పది పేజీల ముందు తెలిస్తే వాడు మొద్దులా కనిపిస్తాడు, అసలు తెలియకపోతే మీరు పాఠకుణ్ణే మోసం చేసినట్టు.

వాక్యాల నడక కూడా వాడితో పాటు మారాలి. మొదటి అధ్యాయాల్లో సైదులు చూసిన ప్రతిదానికీ వెంటనే కారణం చెప్పేసుకుంటాడు, 'పాపం', 'కాబట్టి', 'అయ్యుంటది' అనుకుంటూ. చివరి అధ్యాయాల్లో చూసింది చూసినట్టు ఉంటుంది, కారణం ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి రానే రాదు.

తొమ్మిదో మెట్టు: రాశాక సరిచూసుకోవడం

రాతప్రతి పూర్తయ్యాక నాయకుడు ఎవరినైనా నమ్మిన ప్రతి చోటా ఒక గీత, నమ్మనిచోట ఇంకో రంగు గీత పెట్టండి. మొదటి సగమంతా ఒక రంగు, రెండో సగమంతా ఇంకో రంగు వచ్చిందంటే ఆరో మెట్టుకు తిరిగి వెళ్లాలి. చివరి అధ్యాయాల్లో రెండు రంగులూ కలిసి ఉండాలి. అంతేకాదు, నమ్మిన చోట్లు ఎక్కువే ఉండాలి.

మోసం చేసిన ప్రతివాడికీ పోయేదేమిటి, వచ్చేదేమిటి అని పక్కన రాసుకోండి. మేస్త్రీ పైన కూడా ఒక కాంట్రాక్టరు ఉంటాడు, ఆయనకు లెక్క చూపాలి. హోటలాయనకు కొత్త పైసల లెక్క నిజంగానే సరిగ్గా తెలియకపోవచ్చు. ఇవి తెలిస్తే మీ చెడ్డవాళ్లు మనుషులవుతారు.

అన్న దొరకాలా వద్దా అన్నది మీ ఇష్టం. నా మటుకు దొరకాలి, అదీ కథ ముగియడానికి చాలా ముందే, పెద్ద సన్నివేశమేమీ లేకుండా. దవాఖాన నుంచి బండిలో పోయినవాడు ఇంటికే పోయుంటాడు. సైదులు ఊరికి ఉత్తరం రాయిస్తే జవాబు వస్తుంది. అప్పుడు ఇంటికి పోవడానికి అడ్డేమీ లేకపోయినా నర్సయ్య బాకీ కోసం నందికొండలోనే ఉండిపోతాడు.

ఆఖరుగా ఎర్ర పెన్ను తీసుకుని 'అతనికి ఇప్పుడు అర్థమైంది', 'లోకం ఇంత చెడ్డదని తెలిసింది', 'ఆ రోజుతో అతని బాల్యం ముగిసింది' లాంటి వాక్యాలు ఎక్కడున్నా కొట్టేయండి. కొట్టేశాక ఆ పేరా నిలబడకపోతే, అక్కడ సైదులు చేతులకు మీరు ఏ పనీ ఇవ్వలేదన్నమాట. పుట్టి తెడ్డో, గొర్రెల తాడో, చిల్లర పైసలో వాడి చేతిలో పెట్టి ఆ పేరా మళ్లీ రాయండి.